సర్వీసుకిచ్చిన కారు కొత్త దెబ్బతో తిరిగొస్తే ఏం చేయాలి?

సర్వీస్ సెంటర్ నుంచి కారు చేతికొచ్చేది ఎక్కువగా సాయంత్రం పూటే. వాటర్ వాష్ అయి, టైర్లకి నల్లగా పాలిష్ పూసి, మెరిసిపోతూ గేటు దగ్గర నిలబడి ఉంటుంది. మనం బిల్లు కట్టి, ట్రాఫిక్ పెరగకముందే ఇల్లు చేరాలన్న తొందరలో బయల్దేరతాం. తడి ఆరని కారు మీద సన్నటి గీతలు కనపడవు, ట్యూబ్‌లైటు వెలుతుర్లో చిన్న సొట్టలూ కనపడవు. మర్నాడు పొద్దున ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు బయటపడతాయి: వెనక డోర్ మీద పొడుగాటి గీత, బంపర్ మూల దగ్గర వేలు దూరేంత సందు, డోర్ కింద వంగిన రేకు.

నేను చాలాకాలం సర్వీస్ కౌంటర్‌కి అవతలి పక్క కూర్చుని పనిచేశాను. న్యాయం తమ వైపున్నా ఉత్త చేతులతో వెనక్కి వెళ్ళిన కస్టమర్లని చూశాను, అరగంటలో పని చేయించుకున్నవాళ్ళనీ చూశాను. ఆ తేడా గొంతు పెద్దది చేయడంలో లేదు. కారు వాళ్ళ చేతికి వెళ్ళేముందు ఎలా ఉంది, తిరిగొచ్చాక ఎలా ఉంది అన్న రెండు సంగతుల మధ్య సందు లేకుండా చూపించగలగడంలో ఉంది. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ సందు పూడ్చడం గురించే.

ముందు చూడాల్సింది ప్రాణానికి సంబంధించినవి

గీతా సొట్టా కాసేపు ఆగుతాయి. ఆగనివి కొన్ని ఉన్నాయి. కారు నిలబెట్టిన చోట నేల మీద నూనె మరక ఉందా చూడండి. ఆయిల్ మార్చినప్పుడు ఛాంబర్ బోల్టు కింద వాషర్ సరిగ్గా కూర్చోకపోయినా, పాత ఫిల్టర్ రబ్బరు ఇంజనుకే అతుక్కుని ఉండగా కొత్త ఫిల్టర్ బిగించేసినా అక్కడి నుంచి కారుతుంది. డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ గుర్తు వెలిగితే ఇంజను వెంటనే ఆపేయండి, షెడ్డు దాకా తోలుకెళ్దాం అనుకోవద్దు. చక్రాలు విప్పి బిగించిన పని అయితే నట్లన్నీ ఉన్నాయా, బిగువుగా ఉన్నాయా చూసుకోండి. బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి వెళ్ళిపోతున్నా, స్టీరింగ్ ఒక పక్కకి లాగుతున్నా, ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరకుండా వెలుగుతున్నా కారు తీయకండి. ఫోన్ చేసి టోయింగ్ బండి పంపమని అడగండి. తప్పు వాళ్ళ పనిలో ఉన్నప్పుడు ఆ ఖర్చు వాళ్ళని పెట్టుకోమనడం న్యాయమే.

ఎలక్ట్రిక్ కారైతే ఇంకో జాగ్రత్త. బ్యాటరీ పెట్టె కారు పొట్ట కింద ఉంటుంది. షెడ్డులో కారుని పైకెత్తే లిఫ్ట్ చేయి పెట్టకూడని చోట పెడితే దాని అడుగు రేకు నొక్కుకుపోవచ్చు. అలాంటి గుర్తు కనిపిస్తే కంపెనీ వాళ్ళు తనిఖీ చేసేదాకా ఛార్జింగ్ పెట్టకండి, నడపకండి.

తుడవక ముందే ఫొటోలు

దెబ్బ కనపడగానే చేయి గుడ్డ మీదకి వెళ్తుంది. తుడవద్దు, కారు కడగొద్దు, పక్కవీధి పెయింటర్‌కి చూపించి రబ్బింగ్ కొట్టించొద్దు. ఉన్నది ఉన్నట్టు ఉండాలి.

ఫోన్‌తో ఒక్క వీడియో ఆపకుండా తీయండి. నంబర్ ప్లేటుతో మొదలుపెట్టి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, దెబ్బ దగ్గర నిదానంగా ఆగి, చివర డోర్ తెరిచి ఓడోమీటర్ రీడింగ్ చూపించి ముగించండి. తర్వాత ఫొటోలు. ఒకే దెబ్బకి మూడు రకాలు కావాలి. కారు మొత్తం పడేలా దూరం నుంచి ఒకటి, ఆ డోరో బంపరో పూర్తిగా కనిపించేలా ఇంకొకటి, పక్కన ఒక రూపాయి బిళ్ళో స్కేలో పెట్టి దగ్గర్నుంచి మరొకటి. దగ్గరి ఫొటో ఒక్కటే ఉంటే అది ఏ కారు మీదిదైనా కావచ్చనే మాట వస్తుంది.

సొట్ట ఫొటోలో పడటం కష్టం. సూటిగా వెలుగు పడితే మాయమైపోతుంది. ఫోన్ టార్చిని రేకుకి దాదాపు ఆనించి పక్కనుంచి వేయమని ఇంట్లో ఎవరికైనా చెప్పి, మీరు ఎదుటినుంచి తీయండి. నీడ వంకరపోయిన చోటే సొట్ట.

ఈ ఫొటోల అసలు ఫైళ్ళని ఫోన్‌లోంచి తీసేయకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, తీసిన తేదీ, సమయం లాంటి వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే పోవు. ఈమెయిల్‌కి జత చేస్తే ఇంకా మంచిది.

దెబ్బ కొత్తదేనని ఎలా తెలుస్తుంది

'ఇది పాతది సార్, మా దగ్గర పడింది కాదు.' మీకు మొట్టమొదట వినపడే మాట ఇదే. కొన్నిసార్లు అది నిజం కూడా. పండక్కి ఊరెళ్ళినప్పుడు తగిలిన గీత మనం గమనించకపోయి ఉండవచ్చు. అందుకే వాళ్ళని అడిగే ముందు మీరే నిజాయితీగా పరీక్షించుకోండి.

రేకు దాకా దిగిన గీత అయితే తుప్పు చెబుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో బయటపడ్డ ఇనుప రేకు రోజుల్లోనే గోధుమరంగుకి తిరుగుతుంది. గీత అడుగు ఇంకా తెల్లగా మెరుస్తుంటే అది తాజాది అయ్యుండొచ్చు. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి తుప్పు పట్టదు. అక్కడ దుమ్ము చూడాలి. పాత గీతలో మట్టి, పాలిష్ తెల్లగా గడ్డకట్టి ఉంటాయి. కొత్త గీత అంచున పెయింటు పొడి వేలికి అంటుతుంది. గీత మీద గోరు అడ్డంగా నడిపి చూడండి. గోరు తట్టుకోకుండా జారిపోతే పైనున్న క్లియర్ కోటు వరకే పోయింది, రబ్బింగ్‌తో పోవచ్చు. గోరు ఆగితే పెయింటు పని తప్పదు.

ఆ తర్వాత దెబ్బకీ, జరిగిన పనికీ పొంతన చూడండి. ఇదే అన్నిటికన్నా బలమైన సాక్ష్యం. టైర్లు మార్పించారా? టైరు విప్పే మెషిన్ తగిలితే అల్లాయ్ చక్రం అంచు చుట్టూ చెక్కుకుపోతుంది. ఫుట్‌పాత్‌కి రాసుకున్న చక్రం మీద గీతలు బయటి ముఖాన గరుకుగా ఉంటాయి. మెషిన్ దెబ్బ ఎక్కువగా టైరూ రిమ్మూ కలిసే అంచు దగ్గర, ఒకే చోట నొక్కినట్టుగా ఉంటుంది. హెడ్‌లైట్ బల్బు మార్చడానికో, ఫాగ్ ల్యాంప్ పెట్టడానికో బంపర్ విప్పారా? లోపలి ప్లాస్టిక్ లాకులు విరిగి ఉంటాయి, పైకి మాత్రం బంపర్‌కీ ఫెండర్‌కీ (చక్రం పైనున్న రేకుకీ) మధ్య రెండు పక్కలా సందు ఒకేలా లేదని కనిపిస్తుంది. ఒక డోర్‌కి పెయింటు వేయించారా? పక్క డోర్ రబ్బరు మీద, అద్దాల అంచున, టైర్ల మీద అదే రంగు తుంపర్లున్నాయేమో చూడండి. చేత్తో రాస్తే నున్నగా ఉండాల్సిన చోట ఇసుక చల్లినట్టు గరగరలాడుతుంది.

లిఫ్ట్ దెబ్బ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాన్ని వంగి చూసేవాళ్ళు తక్కువ. కారు పక్కన డోర్ల కింద పొడుగునా రెండు రేకులు కలిపి వెల్డింగ్ చేసిన అంచు ఉంటుంది, దాన్నే సిల్ అంచు అంటాం. జాకీ పెట్టడానికి ఆ అంచు మీద ముందు ఒకటి, వెనక ఒకటి చొప్పున గుర్తులుంటాయి. అక్కడే లోపల బలమైన రేకు ఉంటుంది. తొందరలో లిఫ్ట్ చేయి ఆ గుర్తుకి జానెడు ఇవతల పెట్టి లేపితే కారు బరువుకి అంచు పక్కకి మడతపడుతుంది. ఒకసారి ఒక పెద్దాయన కారు వెనక్కి తెచ్చి, అడుగున వంగిన అంచు చూపించారు. మా సర్వీస్ అడ్వైజరు (కారు తీసుకుని కస్టమర్‌తో మాట్లాడే ఉద్యోగి) 'స్పీడ్ బ్రేకర్ తగిలి ఉంటుంది సార్' అన్నాడు. ఆయన వాదించలేదు. కింద టార్చి వేసి చూడమన్నారు. వంగిన చోట లిఫ్ట్ ప్యాడ్ రబ్బరు మీద ఉండే గళ్ళ అచ్చు నల్లగా దిగి ఉంది. స్పీడ్ బ్రేకర్ అయితే ముందు నుంచి వెనక్కి గీరుకుపోయిన చారలుండాలి, అవి లేవు. పక్కనే ఉన్న లిఫ్ట్ ప్యాడ్ మీద గళ్ళూ ఆ అచ్చూ సరిపోయాయి. మేనేజర్ అక్కడికక్కడే ఒప్పుకున్నాడు.

పెయింటు విషయంలో అనుమానముంటే పాత కార్లు అమ్మే డీలర్ల దగ్గర పెయింటు మందం కొలిచే చిన్న మీటరు ఉంటుంది. కంపెనీ పెయింటు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. మళ్ళీ పెయింటు వేసిన రేకు మీద 200 దాటుతుంది, కింద పుట్టీ పూసి ఉంటే అంతకి ఎన్నో రెట్లు చూపిస్తుంది. కారు సర్వీస్ సెంటర్‌లో ఉండగా గుద్దేసి, మీకు చెప్పకుండా టింకరింగ్ చేసి, రంగు వేసి ఇచ్చారన్న అనుమానం వచ్చినప్పుడు ఈ కొలత కంటికి కనపడనిది బయటపెడుతుంది.

'ముందు' ఎలా ఉందో వెతకండి

ఫొటోలు తీయకుండా కారు ఇచ్చేశానే అని కంగారుపడకండి. మీకు తెలియకుండానే సాక్ష్యాలు చాలా చోట్ల పడి ఉంటాయి.

మొదట జాబ్ కార్డు తీయండి. కారు తీసుకునేటప్పుడు అడ్వైజర్ రాసిన కాగితంలో కారు బొమ్మ ఉంటుంది, అప్పటికే ఉన్న గీతలు, సొట్టలు దాని మీద గుర్తు పెడతారు. ఈ మధ్య చాలా చోట్ల ట్యాబ్‌లో ఫొటోలు తీస్తున్నారు. ఆ బొమ్మలో మీ వెనక డోర్ దగ్గర ఏ గుర్తూ లేకపోతే, దెబ్బ వాళ్ళ దగ్గరికి రాకముందే ఉందనడానికి వాళ్ళకి ఆధారం మిగలదు. మీ కాపీ మీ దగ్గర లేకపోతే అడిగి తీసుకోండి.

తర్వాత ఫోన్ గ్యాలరీ. పుట్టినరోజు ఫొటోల్లో, గుడి దగ్గర తీసుకున్న సెల్ఫీల్లో వెనక నిలబడ్డ కారు కనిపిస్తుంది. అపార్ట్‌మెంట్ గేటు సీసీ కెమెరాలో కారు బయటికి వెళ్ళినప్పటి దృశ్యం ఉంటుంది. అయితే పాత రికార్డింగ్ మీద కొద్ది రోజులకే కొత్తది ఎక్కేస్తుంది కాబట్టి అసోసియేషన్ వాళ్ళని ఈ రోజే అడగండి.

డ్రైవర్ ఇంటికొచ్చి కారు తీసుకెళ్ళి, తెచ్చి ఇచ్చే పద్ధతిలో ఇచ్చి ఉంటే ఇంకొన్ని జాడలుంటాయి. వచ్చినప్పుడూ పోయినప్పుడూ కిలోమీటర్లు జాబ్ కార్డులోనూ బిల్లులోనూ రాసి ఉంటాయి. దూరానికి మించి తేడా కనిపిస్తే ఎందుకో అడగాలి. కారు వాళ్ళ దగ్గరున్న రోజుల్లో ఫాస్టాగ్ డబ్బు కోసుకున్న మెసేజీలు ఉన్నాయేమో చూడండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద టోల్ పడిందంటే కారు షెడ్డులో లేదన్నమాట. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఈ-చలాన్ సైట్లలో మీ నంబరు కొట్టి చూడండి. ఆ తేదీల్లో చలాన్ ఉంటే చోటు, సమయం, చాలాసార్లు ఫొటో కూడా దొరుకుతాయి. కారు కంపెనీ యాప్ ఉంటే ట్రిప్పుల పట్టిక అందులోనే ఉంటుంది.

ఆ రోజే, రాతలో

ఫోన్ చేయండి, కానీ ఫోన్‌తో ఆగకండి. కారు చేతికొచ్చిన ఇరవై నాలుగు గంటల్లోపు వెళ్ళిన మెసేజికి ఉన్న బలం వారం తర్వాత రాసిన పెద్ద ఉత్తరానికి ఉండదు. మీ సర్వీస్ అడ్వైజర్‌కి వాట్సాప్, సర్వీస్ మేనేజర్‌కి ఈమెయిల్, కంపెనీ షోరూమ్ అయితే కారు కంపెనీ కస్టమర్ కేర్‌కి కాపీ. తిట్లు వద్దు, ఊహలు వద్దు. ఇలా రాస్తే సరిపోతుంది:

'నా కారు (నంబరు) ఫలానా తేదీన ఫలానా జాబ్ కార్డు మీద మీకు అప్పగించాను. నిన్న సాయంత్రం తిరిగి తీసుకున్నాను. ఈ ఉదయం ఎడమ వెనక డోర్ మీద సుమారు జానెడు పొడవు గీత, దాని కింద సొట్ట గమనించాను. అప్పగించినప్పటి జాబ్ కార్డులో ఈ దెబ్బ లేదు. ఫొటోలు, వీడియో జత చేస్తున్నాను. కారు అలాగే ఉంచాను. ఈ తేదీల మధ్య నాటి మీ సీసీ కెమెరా రికార్డింగును చెరపకుండా భద్రపరచండి. కారును కలిసి తనిఖీ చేయడానికి సమయం చెప్పండి.'

సీసీ కెమెరా మాట తప్పకుండా రాయండి. గేటు దగ్గరా, వాషింగ్ బే దగ్గరా కెమెరాలుంటాయి. భద్రపరచమని రాతపూర్వకంగా అడిగాక కూడా రికార్డింగ్ లేదంటే, తర్వాత ఎవరి ముందైనా వాళ్ళే సమాధానం చెప్పుకోవాలి.

కారు వెనక్కి తీసుకెళ్ళినప్పుడు

పగటి పూట వెళ్ళండి, తోడు ఒకరుంటే మంచిది. అడ్వైజర్ దగ్గరే వాదన మొదలుపెట్టకండి. ఆ కుర్రాడికి డబ్బు మంజూరు చేసే అధికారం ఉండదు, అందుకే కాదని చెప్పడమే అతనికి సులువు. వర్క్స్ మేనేజర్‌నో సర్వీస్ మేనేజర్‌నో కారు దగ్గరికే రమ్మనండి. దెబ్బ అడుగున ఉంటే లిఫ్ట్ ఎక్కించి మీ ముందే చూడమనండి. చూశాక కొత్త జాబ్ కార్డు తెరిచి, దాని మీద దెబ్బ వివరాలు, కస్టమర్‌కి ఖర్చు లేదన్న మాట రాయించుకోండి. నోటి మాట మీద కారు మళ్ళీ వదిలిపెట్టొద్దు. పని పూర్తయిందనీ తృప్తిగా ఉందనీ ఉన్న కాగితం మీద, పని నిజంగా పూర్తయ్యేదాకా సంతకం చేయొద్దు.

'జాబ్ కార్డు వెనక చూడండి సార్, ఓనర్ రిస్క్ అని రాసి ఉంది' అనవచ్చు. దీనికి భయపడకండి. మన వస్తువు మరమ్మతు కోసం ఒకరి చేతిలో పెట్టడాన్ని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం పట్టించుకుంది. దాని 151వ సెక్షన్ ప్రకారం, తీసుకున్నవాడు సామాన్య వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువుని చూసుకున్నంత జాగ్రత్తగా దాన్ని చూసుకోవాలి. 154వ సెక్షన్ ఇంకా ముందుకెళ్తుంది. ఒప్పుకున్న పనికి కాకుండా సొంతానికి వాడుకుంటే, ఆ వాడకంలో వచ్చిన నష్టమంతా వాడుకున్నవాడే భరించాలి. టోల్ మెసేజీలూ చలాన్లూ పనికొచ్చేది ఇక్కడే.

ఓనర్ రిస్క్ మాట సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది కూడా. 1998లో ఢిల్లీలో తాజ్‌మహల్ హోటల్ వ్యాలే పార్కింగ్‌కి ఇచ్చిన మారుతీ జెన్ చోరీ అయింది. పార్కింగ్ టోకెన్ మీద బాధ్యత మాది కాదని ముద్రించి ఉంది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది ఏమిటంటే, కారు చేతికి తీసుకున్నాక తగిన జాగ్రత్త తీసుకున్నామని చూపించాల్సింది తీసుకున్నవాళ్ళే. అది చూపించకుండా ముద్రించిన వాక్యం వెనక దాక్కోవడం కుదరదు. అది మరమ్మతు షాపు కేసు కాదు, కానీ అప్పగింత అన్న సూత్రం ఒకటే. ఈ సంగతి మర్యాదగా ఒక్కసారి చెప్పండి, చాలు. మేనేజర్ తలుచుకోవాల్సింది తలుచుకుంటాడు.

బిల్లు ఇంకా కట్టకముందే దెబ్బ కనపడితే 'కట్టను పో' అనాలనిపిస్తుంది. కానీ చేసిన పనికి డబ్బు అందేదాకా వస్తువు తన దగ్గర ఉంచుకునే హక్కు మరమ్మతు చేసినవాడికి అదే కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్‌లో ఇచ్చింది. గొడవ ముదిరితే కారు వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది, పార్కింగ్ ఛార్జీ అని ఇంకో లెక్క మొదలవుతుంది. దెబ్బ వివరాలు గేట్ పాస్ మీదా బిల్లు మీదా రాసి, 'నా అభ్యంతరంతో చెల్లిస్తున్నాను' అని చేర్చి, ఫొటో తీసుకుని, కట్టి కారు తెచ్చుకోవడమే మేలు.

మీ ఇన్సూరెన్స్ మీద వేయనివ్వకండి

ఇది విడిగా చెప్పాల్సిన సంగతి. 'ఎందుకు సార్ గొడవ, ఇన్సూరెన్స్‌లో వేసేద్దాం, మీకు రూపాయి పడదు' అంటారు. పడుతుంది. క్లెయిమ్ లేని ఏడాదికి ఓన్ డ్యామేజ్ (మన కారుకి జరిగే నష్టానికి కట్టే) ప్రీమియంలో వచ్చే తగ్గింపు మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై, ఐదేళ్ళకి 50 శాతానికి చేరుతుంది. ఒక్క క్లెయిమ్ పెడితే, దాన్ని కాపాడే ప్రత్యేక కవర్ తీసుకుని ఉంటే తప్ప, మళ్ళీ సున్నా నుంచి మొదలు. ప్రతి క్లెయిమ్‌లోనూ మనం తప్పనిసరిగా భరించాల్సిన మొత్తం వేరే ఉంటుంది: 1500 సీసీ దాకా వెయ్యి రూపాయలు, ఆపైన రెండు వేలు. వీటన్నిటికన్నా ముఖ్యం, క్లెయిమ్ ఫారంలో దెబ్బ ఎలా తగిలిందో రాయాలి. షెడ్డులో తగిలిన దెబ్బని 'ఇంటి దగ్గర రివర్స్ చేస్తుంటే గోడకి తగిలింది' అని మీ సంతకంతో రాయిస్తారు. అబద్ధం మీది అవుతుంది, లాభం వాళ్ళది. గ్యారేజీలు తమ కోసం తీసుకునే మోటార్ ట్రేడ్ పాలసీలు వేరే ఉన్నాయి, కావాలంటే దాని మీద పెట్టుకోమనండి.

ఏ మరమ్మతుకి ఒప్పుకోవాలి

క్లియర్ కోటు గీతకి రబ్బింగ్, పాలిష్ చాలు. పెయింటు చెక్కుచెదరని చిన్న సొట్టని పెయింటు వేయకుండానే లోపలినుంచి ఒత్తి తీసే పనివాళ్ళు హైదరాబాద్, విజయవాడ లాంటి నగరాల్లో దొరుకుతారు. కంపెనీ పెయింటు మిగులుతుంది కాబట్టి ముందు అదే అడగండి. పెయింటు తప్పకపోతే ఆ ప్యానెల్ మొత్తం వేయమనండి. టచప్ మచ్చలు కొన్నాళ్ళకి వేరే రంగులో తేలతాయి. మెటాలిక్, పెర్ల్ రంగులైతే పక్క ప్యానెల్‌లోకి కలిసేలా వేయాల్సి రావచ్చు. హెడ్‌లైట్ లాకులు విరిగితే ఫెవిక్విక్‌తోనో ప్లాస్టిక్ జిప్ టైలతోనో సరిపెట్టనివ్వకండి. కంపెనీ మరమ్మతు కిట్ ఉంటే అది, లేకపోతే కొత్త లైటు. వంగిన సిల్ అంచుని సరిచేశాక తుప్పు పట్టకుండా కోటింగ్ తప్పకుండా వేయించండి. వానాకాలంలో నీళ్ళు మొదట చేరేది అక్కడికే.

మళ్ళీ అదే షెడ్డులో వదలడానికి మనసు ఒప్పకపోతే బయట రెండు చోట్ల కొటేషన్ తీసుకుని ఆ డబ్బు ఇవ్వమనో, తర్వాతి సర్వీసులో తగ్గించమనో అడగవచ్చు. కానీ వాళ్ళకి చూపించకుండా, తనిఖీ చేసే అవకాశం ఇవ్వకుండా మాత్రం బయట బాగుచేయించవద్దు. దెబ్బ పోతే దాంతోపాటు సాక్ష్యం కూడా పోతుంది.

తెలిసిన మెకానిక్ షెడ్డు అయితే

ఆటోనగర్‌లోనో మన వీధి చివరో షెడ్డులో జాబ్ కార్డు, గేట్ పాస్ ఏవీ ఉండవు. ఫోన్‌పే చెల్లింపు, 'అన్నా, బండి రెడీ' అన్న వాట్సాప్ మెసేజి, మేస్త్రీతో మీరు పెట్టిన మాటలు, ఇవే మీ కాగితాలు. ఇవీ సాక్ష్యమే, దాచుకోండి. మేస్త్రీని పక్కకి పిలిచి ఒంటరిగా మాట్లాడండి. నలుగురి ముందు నిలదీస్తే పరువు కోసం కాదంటాడు, ఒంటరిగా అడిగితే చాలామంది 'చేసిస్తాలే అన్నా' అంటారు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పండి: ఈ ఖర్చు హెల్పర్ కుర్రాడి జీతంలో కోయొద్దని. జాకీ ఎక్కడ పెట్టాలో నేర్పించాల్సిన బాధ్యత షెడ్డుది. నెలకి వచ్చే కాస్త జీతంతో ఇల్లు నడుపుతున్న పిల్లాడి మీద ఆ భారం పడితే మనకి దక్కిన న్యాయం న్యాయం కాదు.

వినకపోతే

ఒక వారం చూడండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. వాళ్ళు ఫిర్యాదు నంబరు ఇచ్చి కంపెనీకి పంపిస్తారు. పెద్ద షోరూములు ఈ దశలోనే దిగివస్తాయి. హెల్ప్‌లైన్‌కి తీర్పు చెప్పే అధికారం లేదు కాబట్టి అక్కడితో ఆగిపోతే, పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. డీలర్‌కి ఒకటి, కారు కంపెనీకి ఒకటి. లాయర్ లేకుండా మీరే రాసుకోవచ్చు.

ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు నివసించే లేదా ఉద్యోగం చేసే జిల్లాలోనే కేసు వేయవచ్చు. షోరూమ్ హైదరాబాద్‌లో ఉన్నా మీరు కరీంనగర్‌లో ఉంటే అక్కడే. సేవకి మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపుంటే ఫీజు లేదు, సర్వీస్ బిల్లులు దాదాపు అన్నీ అందులోకే వస్తాయి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే వేయవచ్చు, మీ కేసు మీరే వాదించుకోవచ్చు. గడువు దెబ్బ బయటపడ్డ నాటి నుంచి రెండేళ్ళు. ఫిర్యాదులో మరమ్మతు ఖర్చు, కారు లేని రోజుల ప్రయాణ ఖర్చు, మానసిక క్షోభకి పరిహారం, కేసు ఖర్చులు విడివిడిగా అడగండి. మరమ్మతు ఖర్చుకి కొటేషన్, ప్రయాణ ఖర్చుకి బిల్లులు జత చేయాలి. దెబ్బకి కారణం మీద పేచీ ఉండి మొత్తం పెద్దదైతే లైసెన్సున్న మోటార్ సర్వేయర్ చేత సొంత ఖర్చుతో రిపోర్టు రాయించండి. చిన్న గీతకి అంత ఖర్చు దండగ.

పోలీసుల దగ్గరికి ఎప్పుడు? గీతకీ సొట్టకీ వెళ్తే సివిల్ తగాదా అని పంపేస్తారు. బ్యాటరీ మార్చేశారనో, స్టెప్నీ మాయమైందనో, కారుతో మీ అనుమతి లేకుండా ఊరు తిరిగి ప్రమాదం చేశారనో ఆధారం ఉంటే మాత్రం రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ ప్రమాదంలో ఇంకెవరికైనా దెబ్బ తగిలి ఉంటే నోటీసు వచ్చేది ఓనర్‌గా మీ పేరుకే కాబట్టి ఆలస్యం చేయకూడదు.

ఈసారి కారు ఇచ్చేటప్పుడు

కారు కడిగి ఇవ్వండి, మట్టి కింద ఏముందో ఇద్దరికీ కనపడాలి. గేటు దగ్గర అడ్వైజర్ నిలబడి ఉండగా వీడియో ఒకటి తీసి అప్పటికప్పుడే అతని వాట్సాప్‌కి పంపండి. ఐదు టైర్ల పక్కన ఉండే నాలుగంకెల తేదీ కూడా అందులో పడాలి. 2423 అని ఉంటే 2023వ సంవత్సరం 24వ వారంలో తయారైందని అర్థం. బ్యాటరీ సీరియల్ నంబరు, ఓడోమీటర్, పెట్రోలు ముల్లు, స్టెప్నీ, జాకీ, మ్యాట్లు కూడా చూపించండి. డాష్‌క్యామ్ మెమరీ కార్డు తీసేయకండి, నడుస్తూ ఉండనివ్వండి. ట్రయల్ వేస్తే ఎంత దూరం వేస్తారో జాబ్ కార్డు మీద రాయించండి. తిరిగి తీసుకోవడానికి వీలైతే మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య వెళ్ళండి. కారు తడిగా ఉంటే పొడిగుడ్డతో తుడిపించి, చుట్టూ తిరిగి, వంగి సిల్ అంచులు చూసి, ఆ తర్వాతే గేట్ పాస్ మీద సంతకం పెట్టండి.